వీఎంల పని దానంతట అదే జరిగేలా చిన్న వర్క్‌ఫ్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో ల్యాబులు చూసేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లోనూ తీరం వెంబడి రొయ్యల మేత డీలర్ల దగ్గరా కంప్యూటర్ల పని చూసే కుర్రాళ్లు, ఇంటి దగ్గర్నుంచే చెన్నై, బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. నేను ఈ ప్రాంతంలోనే ఒక కాలేజీలో సర్వర్ల పని చూస్తాను. ఒక లినక్స్ సర్వరు, దానిమీద వీఎంలని నడిపే కేవీఎం, అందులో ఇరవై ముప్పై వీఎంలు (వర్చువల్ మెషిన్లు, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) ఉన్న ల్యాబుని మనసులో పెట్టుకుని జవాబులు రాశాను. విండోస్‌కీ క్లౌడ్‌కీ తేడా వచ్చేచోట విడిగా చెప్పాను.

వర్చువల్ మెషిన్ అంటే తెలుసు. దాని వర్క్‌ఫ్లో ఆటోమేట్ చెయ్యడమంటే సరిగ్గా ఏం చేస్తాం?

ఒక వీఎంకి జరిగే పనులు ఏడాది పొడుగునా అవే: తయారుచెయ్యడం, ఆన్ చెయ్యడం, ఆపడం, స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితిని గుర్తుపెట్టుకోవడం), బ్యాకప్, చివరికి తీసెయ్యడం. ఇవన్నీ ఒక మనిషి మౌస్ పట్టుకుని చేస్తుంటే ఆ మనిషి సెలవు పెట్టిన రోజు ఆగిపోతాయి. చేసిన రోజు కూడా ఏం చేశాడో ఎక్కడా రాసి ఉండదు. ఆటోమేషన్ అంటే ఏ వీఎం ఎప్పుడు ఏ స్థితిలో ఉండాలో ముందే ఒక ఫైల్లో రాసిపెట్టి, ఆ ఫైలు చదివి పనిచేసే స్క్రిప్టుని టైముకి నడిపించడం. నిర్ణయాలు మనవి, అమలు స్క్రిప్టుది. నిర్ణయాలు తేలకముందే స్క్రిప్టు రాయడానికి కూర్చున్నవాళ్లు నెలల తరబడి దాన్నే దిద్దుకుంటూ ఉంటారు.

మా దగ్గర నాలుగే వీఎంలున్నాయి. ఇంత అవసరమా?

నాలుగుంటే బ్యాకప్ ఒక్కటి ఆటోమేట్ చేసుకోండి, చాలు. మిగతావి చేత్తో చేసుకున్నా నష్టం లేదు. పది దాటినా, చూసే మనిషి రోజూ అక్కడ ఉండకపోయినా మిగతాది కూడా కావాలి.

మరి ఎక్కడ మొదలుపెట్టాల?

జాబితాతో. ఈ పేజీ మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఇదొక్కటే. ఒక సాదా సీఎస్‌వీ ఫైలు చాలు, ఎక్సెల్లో తెరుచుకుంటుంది, స్క్రిప్టు కూడా చదువుతుంది. వరుసకో వీఎం. నిలువు గడుల్లో ఇవి ఉండాలి: పేరు, దేనికోసం, ఎవరిది, ఏ రోజుల్లో ఏ టైముకి ఆన్‌లో ఉండాలి, బ్యాకప్ కావాలా వద్దా, ఎప్పుడు తీసెయ్యాలి, స్క్రిప్టు ముట్టుకోవచ్చా లేదా.

వీటిలో "ఎవరిది" అన్న గడి నింపేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఏ ల్యాబులో చూసినా "టెస్ట్", "న్యూ", "న్యూ ఫైనల్", "సార్ మెషిన్" అనే పేర్లతో కొన్ని వీఎంలు నడుస్తూ ఉంటాయి. ఎవరు పెట్టారంటే ఎవరూ పలకరు. అవి ర్యామ్ తింటాయి, డిస్కు తింటాయి, ఏళ్ల తరబడి అప్‌డేట్లు లేక సెక్యూరిటీకి చిల్లులు పెడతాయి. డిపార్టుమెంటుకో వాట్సాప్ మెసేజ్ పెట్టి, వారంలో ఎవరూ నాదని చెప్పకపోతే ఆపేస్తామని చెప్పండి. తీసెయ్యడం అప్పుడే వద్దు, ఆపండి చాలు. ఎవరికన్నా కావలసిందైతే మరుసటి రోజే ఫోనొస్తుంది.

"ఎప్పుడు తీసెయ్యాలి" అన్న గడిని ఖాళీగా వదలొద్దు. వీఎం పెట్టిన రోజే పోయే తేదీ కూడా రాయాలి. సెమిస్టర్ ల్యాబయితే పరీక్షలైన నెలాఖరు, ప్రాజెక్టయితే వైవా అయిన పదిహేను రోజులు. శాశ్వతంగా ఉండాల్సిన వాటికి ఏడాది తర్వాతి తేదీ వేసి, ఆ రోజు మళ్లీ చూసుకోవాలి. తేదీ లేకుండా ఎవరు వీఎం అడిగినా నేను ఇవ్వను. వినడానికి కటువుగా ఉంటుందేమో గానీ, అడిగేవాళ్లు రెండోసారి నుంచి తేదీతోనే వస్తారు.

పేర్లకి ఒక పద్ధతి పెట్టుకోండి: డిపార్టుమెంటు, పని, నంబరు. "సీఎస్‌ఈ-డీబీఎంఎస్-04" అని చూడగానే ఎవరిదో తెలిసిపోవాలి. స్క్రిప్టుకి కూడా "సీఎస్‌ఈ-డీబీఎంఎస్‌తో మొదలయ్యేవన్నీ ఆపు" అని చెప్పడం తేలికవుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? కేవీఎం, ప్రాక్స్‌మాక్స్, వర్చువల్‌బాక్స్, వీఎంవేర్... ఏది మంచిది?

సర్వరు మీదైతే నా ఓటు కేవీఎంకి. 2007లో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్లోనే ఉంది, విడిగా కొనేది లేదు. దాన్ని నడిపించడానికి లిబ్‌వర్ట్, దాని కమాండ్ లైన్ పనిముట్టు విర్ష్. ఆటోమేషన్‌కి ఇంతకన్నా సూటిదారి లేదు, ఎందుకంటే బటన్లు నొక్కి చేసే ప్రతి పనికీ ఒక కమాండుంది. బ్రౌజర్లో చూసుకుంటూ చెయ్యాలనుకుంటే ప్రాక్స్‌మాక్స్ పెట్టుకోండి. లోపల అదీ కేవీఎమ్మే, రాత్రి బ్యాకప్ షెడ్యూలు కూడా దాంట్లోనే వస్తుంది.

వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొన్నాక ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసింది. ఏటా చందా కట్టాలి. చిన్న కాలేజీలకీ ఆఫీసులకీ అది బరువే. ల్యాప్‌టాప్‌లో వాడుకునే వర్క్‌స్టేషన్ ప్రోని మాత్రం 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితం చేశారు. విద్యార్థులకి వర్చువల్‌బాక్స్ బాగానే ఉంటుంది, వీబాక్స్‌మేనేజ్ అనే కమాండుతో దాన్నీ స్క్రిప్టు నుంచి నడపొచ్చు. ఆఫీసంతా విండోస్ అయితే హైపర్-వీ, పవర్‌షెల్ చాలు. కొత్తగా ఇంకోటి నేర్చుకోనక్కర్లేదు.

ఏదైనా సరే, ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అనీ, ఏఎమ్‌డీలో ఎస్‌వీఎం అనీ ఉంటుంది. వీఎం నత్తనడక నడుస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మాటల్లో కాదు, ఒక చిన్న వర్క్‌ఫ్లో మొదట్నించి చివరిదాకా ఎట్టా నడుస్తుందో చూపించండి.

అందరికీ పనికొచ్చేది, రాత్రి ల్యాబు ఆపే వర్క్‌ఫ్లో. ల్యాబు సాయంత్రం అయిదింటికి అయిపోతుంది, ఆలస్యంగా కూర్చునేవాళ్లుంటారు కాబట్టి ఎనిమిదింటికి స్క్రిప్టు లేస్తుంది.

మొదట జాబితా చదువుతుంది. ఈ టైముకి ఆగి ఉండాల్సినవి ఏవో ఏరుకుంటుంది. "ముట్టుకోవద్దు" గుర్తున్నవాటిని పక్కన పెడుతుంది. మిగిలిన ఒక్కోదాని స్థితి అడుగుతుంది. ఇప్పటికే ఆగి ఉంటే ఆ మాటే లాగ్‌లో రాసి ముందుకెళుతుంది. నడుస్తుంటే షట్‌డౌన్ కమాండు పంపుతుంది. ఇక్కడ చాలామంది తొందరపడతారు. షట్‌డౌన్ అనేది విన్నపం మాత్రమే, పవర్ బటన్ ఒకసారి నొక్కినట్టు లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి కబురెళుతుంది. కమాండు వెంటనే "సరే" అనేస్తుంది గానీ వీఎం ఆగడానికి నిమిషమో రెండో పడుతుంది, ఒక్కోసారి అసలు ఆగదు. అందుకని స్క్రిప్టు పది సెకన్లకోసారి స్థితి చూస్తూ అయిదు నిమిషాల దాకా ఆగాలి.

అప్పటికీ ఆగకపోతే? విర్ష్‌లో డెస్ట్రాయ్ అని ఒక కమాండుంది. పేరు చూసి డిస్కు పోతుందేమోనని భయపడతారు గానీ అది చేసేది కరెంటు తీగ పీకినంత పని. డిస్కు ఫైలు అక్కడే ఉంటుంది. అయినా లోపల డేటాబేస్ రాస్తున్న మధ్యలో తీగ పీకితే ఏమవుతుందో మీకు తెలుసు. కాబట్టి రాత్రి స్క్రిప్టులో డెస్ట్రాయ్ పెట్టొద్దు. ఆగని వీఎం పేరు మెసేజ్‌లో పంపితే పొద్దున మనిషి చూస్తాడు. మరీ మరీ ఆగనివాటిలో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ (వీఎం లోపల కూర్చుని సర్వరు మాట వినే చిన్న ప్రోగ్రాము) వేసి, షట్‌డౌన్‌ని ఏజెంట్ ద్వారా పంపండి. విండోస్ వీఎంలలో దీనితో చాలా తేడా కనిపిస్తుంది.

లాగ్ ఇలా ఉంటే చదువుకోవడానికి బాగుంటుంది:

20:00:03 సీఎస్‌ఈ-డీబీఎంఎస్-04: నడుస్తోంది, షట్‌డౌన్ పంపాం
20:00:53 సీఎస్‌ఈ-డీబీఎంఎస్-04: ఆగింది
20:00:54 ఈసీఈ-మ్యాట్‌ల్యాబ్-01: ముట్టుకోవద్దు, వదిలేశాం
20:05:57 సీఎస్‌ఈ-జావా-11: 5 నిమిషాలైనా ఆగలేదు, మనిషి చూడాలి

పొద్దున ఆన్ చేసే స్క్రిప్టు దీనికి అద్దంలో బొమ్మ. స్క్రిప్టు బ్యాష్‌లో (లినక్స్ కమాండ్ల భాష) రాస్తే యాభై అరవై లైన్లు, అంతే.

ఇంకోటి. స్క్రిప్టుకి ఉత్తుత్తి పరుగు ఒకటి ఉండాలి, అంటే ఏం చేస్తానో చెప్పాలి గానీ చెయ్యకూడదు. మొదటి వారం రోజూ అదే నడిపి, వచ్చిన జాబితా మీరు చేత్తో చేసేదానితో సరిపోతోందో లేదో చూసుకున్నాకే అసలు పరుగుకి మారండి.

టైముకి నడపడానికి క్రాన్ చాలా?

చాలు, లినక్స్‌లో టైముకి కమాండులు నడిపేది అదే. అయితే మనవైపు కరెంటు సంగతి చూసుకుంటే అదే పని చేసే సిస్టమ్‌డీ టైమర్ మేలు. దాంట్లో పెర్సిస్టెంట్ అనే సెట్టింగు ఉంది. ఎనిమిదింటికి సర్వరు ఆగిపోయి ఉండి తొమ్మిదింటికి లేస్తే, తప్పిపోయిన పనిని లేవగానే చేస్తుంది. మామూలు క్రాన్ తప్పిపోయినదాన్ని తప్పిపోయినట్టే వదిలేస్తుంది.

"చేత్తో నడిపితే పనిచేస్తోంది, క్రాన్‌లో పెడితే చెయ్యట్లేదు" అన్న ప్రశ్న తరచూ వస్తుంది. కారణాలు దాదాపు ఎప్పుడూ రెండే. క్రాన్‌కి మీ షెల్‌కి తెలిసిన దారులన్నీ తెలియవు, అందుకని ప్రతి కమాండుకీ పూర్తి పాత్ ఇవ్వాలి. రెండోది, విర్ష్‌ని ఏ యూజరు నడుపుతున్నాడన్నది. రూట్‌గా నడిపితే సిస్టమ్‌లోని వీఎంలు కనిపిస్తాయి. మామూలు యూజరుగా నడిపితే చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఆ యూజరు సొంత సెషన్‌కి వెళ్లిపోతుంది. అక్కడ వీఎంలు ఉండవు, ఎర్రర్ కూడా రాదు, ఖాళీ జాబితా వస్తుంది. స్క్రిప్టు "చెయ్యాల్సిందేమీ లేదు" అని హాయిగా ముగిస్తుంది. కనెక్షన్ చిరునామా క్యూఈఎంయూ సిస్టమ్ (qemu:///system) అని స్క్రిప్టులోనే స్పష్టంగా రాసెయ్యండి.

నిన్నటి పరుగు ఇంకా సాగుతుండగా ఇవాళ్టిది మొదలవకుండా ఎఫ్‌లాక్ అనే తాళం కమాండు వాడండి. ఒక్క లైను పని.

విద్యార్థులకి ఒకే రకం వీఎంలు ముప్పై కావాలి. తొందరగా ఎట్టా?

ముప్పైసార్లు ఇన్‌స్టాల్ చెయ్యొద్దు, ముప్పై పూర్తి కాపీలూ తియ్యొద్దు. ఒక మూలం డిస్కు తయారుచేసి, దానిమీద పలుచటి పొరల్లాంటి డిస్కులు పెట్టండి. క్యూకౌ2 ఫార్మాట్‌లో దీన్ని బ్యాకింగ్ ఫైల్ అంటారు. మూలం మూడు జీబీ ఉన్నా కొత్త పొర కొన్ని వందల కేబీతో మొదలవుతుంది, విద్యార్థి మార్చినంత మేరే పెరుగుతుంది. ముప్పై వీఎంలు నిమిషాల్లో లేస్తాయి. సెమిస్టర్ అయ్యాక పొరలు తీసేసి కొత్తవి పెడితే ల్యాబు మళ్లీ కొత్తది. తీసేసే ముందు పిల్లల ఫైళ్లు వేరే షేర్ ఫోల్డర్లోకి వెళ్లాయో లేదో స్క్రిప్టే చూడాలి.

దీంట్లో గట్టి నియమం ఒకటుంది. పొరలు పెట్టాక మూలాన్ని మళ్లీ ఆన్ చెయ్యకూడదు, మార్చకూడదు. అప్‌డేట్ వేద్దామని మూలాన్ని ఒక్కసారి బూట్ చేసినా దానిమీదున్న ముప్పై డిస్కులూ పాడవుతాయి. మూలం ఫైలుని చదవడానికి మాత్రమే అని మార్చేసి, పేరులో తేదీ పెట్టండి. అప్‌డేట్ కావాలంటే దాని కాపీ తీసి, దానిమీద వేసి, కొత్త తేదీతో కొత్త మూలం చెయ్యండి.

మూలం సిద్ధం చేసేటప్పుడు వర్ట్-సిస్‌ప్రెప్ నడపండి. లేకపోతే అన్ని వీఎంలకీ ఒకే మెషిన్-ఐడీ, ఒకే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) కీలు వస్తాయి. మెషిన్-ఐడీ ఒకటే అయితే ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వరు రెండు వీఎంలనీ ఒకటే అనుకుని ఒకే ఐపీ ఇస్తుంది. నెట్‌వర్క్ కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది, ఎందుకో తెలియక కేబుళ్లు మారుస్తూ కూర్చుంటారు. విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ సిస్‌ప్రెప్ ఉంది. ఒక్కో వీఎంకి పేరు, యూజరు, కీ వేరుగా పెట్టడానికి క్లౌడ్-ఇనిట్ వాడండి. చిన్న వైఎఎంఎల్ ఫైలు రాస్తే మొదటిసారి లేచినప్పుడు అదే చదువుకుని సర్దుకుంటుంది.

రోజూ స్నాప్‌షాట్ తీస్తున్నాం. బ్యాకప్ కూడా కావాలా?

కావాలి. స్నాప్‌షాట్ అదే డిస్కు మీద ఉంటుంది. డిస్కు పోతే రెండూ పోతాయి. అప్‌డేట్ వేసే ముందు స్నాప్‌షాట్ తీసుకోండి, రెండు మూడు రోజులు చూసి తీసెయ్యండి. నెలల తరబడి దాస్తే వీఎం నెమ్మదిస్తుంది, డిస్కు నిండుతుంది.

బ్యాకప్ మాత్రం కొంత విడమరిచి చెబుతాను, ఎందుకంటే చిన్న ఆఫీసులకి ప్రాణం ఇక్కడే ఉంది. ట్యాలీ నడిచే విండోస్ వీఎం ఒకటి గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో ఉందనుకోండి. రాత్రి ఎవరూ పనిచెయ్యరు. అలాంటప్పుడు నడుస్తుండగా బ్యాకప్ తీసే సంక్లిష్టమైన పద్ధతులు వద్దు. తొమ్మిదింటికి వీఎంని సవ్యంగా ఆపి, డిస్కు ఫైలుని రెండో డిస్కుకి కాపీ చేసి, మళ్లీ ఆన్ చేస్తే చాలు. కాపీకి ముందు రెండో డిస్కులో ఖాళీ ఎంతుందో స్క్రిప్టు చూసుకోవాలి. కాపీ అయ్యాక చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే లెక్క) సరిచూడాలి. ఏడు రోజులవి, నాలుగు వారాలవి ఉంచి పాతవి తియ్యాలి, అదీ కొత్తది సరిగ్గా పడిందని తేలాకే. వారానికోసారి ఒక కాపీ ఎన్‌క్రిప్ట్ చేసిన బయటి డిస్కులోకెక్కి ఆఫీసు దాటి వెళ్లాలి, యజమాని ఇంటికైనా సరే. కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థలైతే లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ దేశంలోనే ఉన్న సర్వరులో ఉండాలని 2022లో నిబంధన సవరించారు. మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను. నెలకోసారి ఒక ఆదివారం ఆ కాపీని వేరే పేరుతో, నెట్‌వర్క్ కార్డు తీసేసి, ఆన్ చెయ్యండి. నెట్‌వర్క్ ఉంచితే అసలుదానికీ దీనికీ ఒకే ఐపీ వచ్చి కొట్టుకుంటాయి. ట్యాలీ తెరవండి. కాపీ తీసిన రోజు ఎక్కించిన చివరి వోచరు ఉందో లేదో అకౌంటెంటుని చూడమనండి. ఆన్ చెయ్యడం దాకా స్క్రిప్టు చేస్తుంది, చూడ్డం మనిషి చెయ్యాలి.

కరెంటు పోతే?

యూపీఎస్‌కి యూఎస్‌బీ పోర్టు ఉంటే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి సర్వరుకి కలపండి. బ్యాటరీ తగ్గగానే అది సర్వరుని ఆపమంటుంది, సర్వరు ఆగేటప్పుడు లిబ్‌వర్ట్-గెస్ట్స్ అనే సర్వీసు వీఎంలని ముందు సవ్యంగా ఆపుతుంది. ఆ సర్వీసు ఆన్‌లో ఉందో లేదో, ఒక్కో వీఎంకి ఎన్ని సెకన్లు ఆగాలో సెట్టింగుల్లో చూసుకోండి. బ్యాటరీ పది నిమిషాలే వస్తే, ముప్పై వీఎంలని ఒకదాని తర్వాత ఒకటి ఆపేసరికి కాలం సరిపోదు. కొన్నిటిని కలిపి ఆపే సెట్టింగు కూడా ఉంది.

పోర్టు లేని ఇన్వర్టరు ఉన్నవాళ్లకి తేలిక మార్గం: ఒక పాత రౌటర్ని ఇన్వర్టరు లైను మీద కాక మామూలు ప్లగ్గుకి పెట్టండి. సర్వరు దాన్ని నిమిషానికోసారి పింగ్ చేస్తుంది. అయిదు నిమిషాలు వరసగా జవాబు లేకపోతే కరెంటు లేదని లెక్క, వీఎంలని ఆపడం మొదలుపెడుతుంది. మధ్యలో ఉండే నెట్‌వర్క్ స్విచ్ మాత్రం ఇన్వర్టరు మీదే ఉండాలి.

కరెంటు తిరిగొచ్చేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. బోరు మోటార్లకి ఆటో స్టార్టర్లు పెడితే కరెంటు రాగానే ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మరు మీద పడతాయి కదా, అన్ని వీఎంలకీ ఆటోస్టార్ట్ పెడితే సర్వరు డిస్కుకి అదే గతి. డేటాబేస్ ముందు, దాన్ని వాడే అప్లికేషన్లు తర్వాత, ల్యాబు వీఎంలు చివర, మధ్యమధ్యలో అరనిమిషం ఆగుతూ స్క్రిప్టు లేపాలి. ల్యాబు వీఎంలకి ఆటోస్టార్ట్ అసలు తీసెయ్యండి. అర్ధరాత్రి కరెంటొస్తే అవి లేచి చేసే పనేమీ లేదు.

తుపాను రోజులకి వేరే వర్క్‌ఫ్లో ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరు, ప్రకాశం తీరాల వెంబడే వచ్చింది. అలాంటప్పుడు ఒకటి రెండు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. ఒకే కమాండుతో బ్యాకప్ తీసి, బయటి కాపీ చేసి, అత్యవసరం కానివన్నీ ఆపేసే స్క్రిప్టు ఉంటే గాలి మొదలయ్యేలోపే సర్వరు ఆపుకుని ఇంటికెళ్లొచ్చు. రోహిణీ కార్తెలో ఏసీ ఆగిపోయే గదులకీ ఇదే స్క్రిప్టు పనికొస్తుంది. సెన్సర్ ఉష్ణోగ్రత చూసి దాన్ని లేపాలి, అంతే తేడా.

డిస్కు నిండితే ఏమవుతుంది?

నడుస్తున్న వీఎంలు ఉన్నచోటే ఆగిపోతాయి. లిస్టులో "పాజ్‌డ్" అని కనిపిస్తుంది. పొరల డిస్కులు వాడినప్పుడు కాగితం మీద ఇచ్చిన జాగా అసలున్న జాగా కన్నా ఎక్కువుంటుంది, కాబట్టి 80 శాతం దాటగానే మెసేజ్ రావాలి. జాగా చేసి రెజ్యూమ్ ఇస్తే చాలావరకు అక్కణ్నుంచే సాగుతాయి.

క్లౌడ్‌లో వీఎంలు వాడుతున్నాం. నెలాఖరుకి బిల్లు చూస్తే గుండె ఆగినంత పనవుతోంది.

క్లౌడ్‌లో ఆటోమేషన్ మొదటి పని ఆపడమే. ఆఫీసు టైము వారానికి యాభై గంటలు, వారంలో ఉన్నవి 168. మిగతా గంటలకి డబ్బెందుకు కట్టాలి?

అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి రీజియన్లు (సర్వర్ల కేంద్రాలు) ఉన్నాయి. రెండింటిలోనూ వెతకండి, ఒక రీజియన్ తెరిచి చూస్తూ ఇంకోదాంట్లో నడుస్తున్నవి మర్చిపోవడం మామూలే. ఇన్‌స్టెన్స్ (అక్కడ వీఎం పేరిదే) ఆపితే దాని గంటల ఛార్జీ ఆగుతుంది. డిస్కుకి మాత్రం పడుతూనే ఉంటుంది. ఎలాస్టిక్ ఐపీ (మారని పబ్లిక్ చిరునామా) పెట్టుకుంటే దానికీ పడుతుంది: 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 ఒక్కోదానికి గంటకి 0.005 డాలర్లు, అంటే నెలకి మూడున్నర డాలర్ల పైనే. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లో ఇంకో మెలిక ఉంది. విండోస్ లోపల్నుంచి షట్‌డౌన్ చేస్తే వీఎం ఆగినట్టే కనిపిస్తుంది గానీ బిల్లు ఆగదు. పోర్టల్ నుంచో కమాండుతోనో డీఅలొకేట్ చెయ్యాలి, అంటే ఆ మెషిన్‌ని వాళ్లకి వదిలెయ్యాలి. అజ్యూర్‌లో ఆటో-షట్‌డౌన్ అనే సెట్టింగు ఉంది, అది వాడితే ఈ బాధ లేదు.

క్లౌడ్ షెడ్యూళ్లు చాలావరకు మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే యూటీసీలో నడుస్తాయి. రాత్రి ఎనిమిదికి ఆగాలంటే 14:30 అని రాయాలి. 20:00 అని రాస్తే మనకి తెల్లవారుజామున ఒంటిగంటన్నరకి ఆగుతుంది. టైమ్‌జోన్ ఎంచుకునే వీలున్నచోట ఏషియా కోల్‌కతా పెట్టెయ్యండి. జాబితాలోని గడుల్నే ట్యాగులుగా పెట్టండి, షెడ్యూలు ట్యాగు చూసి పనిచేస్తుంది. యాక్సెస్ కీలు స్క్రిప్టులో రాసి గిట్‌హబ్‌లో పెట్టడం మాత్రం ఎప్పటికీ వద్దు. నిమిషాల్లో వెతికి పట్టుకునే ప్రోగ్రాములు కాచుకుని ఉంటాయి. బడ్జెట్ అలర్ట్ ఖాతా తెరిచిన రోజే పెట్టండి.

తీసెయ్యడం కూడా ఆటోమేట్ చెయ్యొచ్చా?

సగమే. గడువు దాటిన వీఎంని స్క్రిప్టు ఆపుతుంది, పేరు ముందు "తీసెయ్యాలి" అనీ తేదీ అనీ తగిలిస్తుంది, యజమానికి మెసేజ్ పంపుతుంది. పదిహేను రోజులు ఎవరూ అడగకపోతే చివరి బ్యాకప్ తీసి, తీసెయ్యాల్సిన జాబితా మనిషి ముందు పెడుతుంది. డిస్కు చెరిపే చివరి కమాండు మనిషే ఇవ్వాలి. దీన్ని కూడా స్క్రిప్టుకి అప్పగించినవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. జాబితా ఫైల్లో ఒక గడి జరిగితే స్క్రిప్టుకి తెలియదు, కళ్లున్న మనిషికి తెలుస్తుంది. ఒక్క పరుగులో మూడింటికి మించి తీసెయ్యమని వస్తే స్క్రిప్టు ఆగి అడగాలి, ఈ హద్దు కూడా పెట్టండి.

పని జరగలేదని ఎట్టా తెలుస్తుంది?

టెలిగ్రామ్ బాట్ ఒకటి పెట్టుకోండి, ఉచితం, కర్ల్ కమాండుతో మెసేజ్ పోతుంది. చాలామంది తప్పు జరిగినప్పుడే మెసేజ్ వచ్చేలా పెడతారు. సర్వరే పడిపోతే ఆ మెసేజ్ పంపేదెవరు? అందుకని బాగున్న రోజు కూడా ఒక్క లైను రావాలి: "27 ఆగాయి, 1 ఆగలేదు, బ్యాకప్ అయింది, డిస్కు 61 శాతం." ఎనిమిదిన్నరకి ఆ లైను రాలేదంటే అదే అలారం. రోజూ రావడం వల్ల విసుగొస్తుందనుకుంటే, రాకపోతే అరిచే పనిని ఇంకో చిన్న మెషిన్‌కి అప్పగించండి.

యాన్సిబుల్, టెర్రాఫామ్ నేర్చుకోవాల్సిందేనా?

ఉద్యోగానికైతే అవును. మీ ల్యాబు నడపడానికైతే యాన్సిబుల్ ముందు. వీఎం లోపల ఏ ప్యాకేజీ ఉండాలి, ఏ యూజరుండాలి అని రాసిపెడితే, లేనిదే చేస్తుంది, ఉన్నదాన్ని వదిలేస్తుంది. పదిసార్లు నడిపినా ఫలితం ఒకటే. మీ బ్యాష్ స్క్రిప్టులకీ ఈ గుణం రావాలి: ఉన్న యూజరునే మళ్లీ పెట్టబోయి ఎర్రర్ ఇచ్చి ఆగకూడదు. ఫైల్లో రాసినట్టు వీఎంలనే తయారుచేసే టెర్రాఫామ్ క్లౌడ్‌కి ఎక్కువ పనికొస్తుంది. 2023లో దాని లైసెన్సు మారాక ఓపెన్‌టోఫు అని స్వేచ్ఛా రూపం వచ్చింది, నేర్చుకునేవాళ్లకి రెండూ దాదాపు ఒకటే.

సెక్యూరిటీకి ఏం చూసుకోవాలి?

స్క్రిప్టుకి వేరే యూజరు, ఎస్‌ఎస్‌హెచ్ కీ, పాస్‌వర్డ్ లేకుండా. లిబ్‌వర్ట్ గ్రూపులో చేరినవాడికి దాదాపు రూట్ అంత అధికారం వచ్చినట్టే, కాబట్టి విద్యార్థుల్ని అందులో చేర్చొద్దు. స్క్రిప్టులు గిట్‌లో ఉంచండి, పాస్‌వర్డ్‌లు ఉంచొద్దు. ఇదంతా తెలిసిన రెండో మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి.

డిగ్రీ చదువుతున్నాను, తెలుగు మీడియం. పాత ల్యాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్. ఇవన్నీ నేర్చుకోగలనా?

నిక్షేపంగా. కమాండులు పాతిక ముప్పైకి మించవు, వాటిలో ఇంగ్లీషు మాటలు పది. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసి, కేవీఎం పెట్టి, ఒక్కోటి 1 జీబీతో మూడు డెబియన్ వీఎంలు చెయ్యండి. గ్రాఫికల్ డెస్క్‌టాప్ వాటిలో వద్దు. ఒక వారం అన్ని పనులూ చేత్తోనే చెయ్యండి, చేసిన ప్రతి కమాండునీ నోటుబుక్కులో రాసుకోండి. ఆ నోటుబుక్కే మీ మొదటి స్క్రిప్టు. తర్వాత ఈ పని పెట్టుకోండి: మూడు వీఎంల జాబితా చదివి, ఒకదాన్ని ముట్టుకోకుండా, రెండింటిని ఆపి, లాగ్ రాసి, టెలిగ్రామ్‌కి ఒక లైను పంపాలి. అది అయ్యాక ఒక వీఎంలో షట్‌డౌన్‌ని వినే సర్వీసు కావాలని ఆపేసి, స్క్రిప్టు ఏం చేస్తుందో చూడండి. అనంతకాలం ఎదురుచూస్తూ కూర్చుంటే టైము హద్దు పెట్టడం మర్చిపోయారన్నమాట.